చల్లగాలి తలుపు

కిందటి వారం మనం గాలమ్మను సిమెంటు ఫ్యాక్టరీలో మూడంతస్తుల ఎత్తున, ఇనప వంతెన మీద నోరు తెరుచుకుని నిలబడి ఉండగా వదిలేసి ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. మెడలోని తువ్వాలును పక్కనున్న పెద్ద గొట్టం సర్రున లోపలికి లాగేసుకున్న దగ్గర్నుంచీ అడుగు కదపలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం. గాలమ్మ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఫ్యాక్టరీలో ఎవరికీ గుర్తులేదు. సిమెంటు బట్టీలోంచి వచ్చే కార్బన్ వాయువును ఆకాశంలో కలవనివ్వకుండా పట్టి, పిండి, గొట్టంలో కుక్కి, ఎక్కడో దూరాన భూమి అడుగుకు పంపే కొత్త యూనిట్‌కు ఆవిడ ఇన్‌చార్జి. గాలిని పట్టే అమ్మ కాబట్టి గాలమ్మ. పట్టే పద్ధతి మరీ బ్రహ్మవిద్యేమీ కాదు. ఎత్తయిన గోపురంలాంటి ఒక తొట్టిలోకి కిందనుంచి బట్టీ గాలిని ఊదుతారు, పైనుంచి ఒక ద్రావకాన్ని జల్లుగా కురిపిస్తారు. ఆ ద్రావకం కార్బన్‌ను కావలించుకుని కిందికి దిగుతుంది. దాన్ని వేరేచోట కాచి ఆ కౌగిలి విడిపిస్తారు. పనివాళ్ళ నోట ఆ ద్రావకం పేరు మందు.

యూనిట్ మొదలై ఏడాది కావస్తున్నా పడతామన్నంత పడటం లేదు. బట్టీ వైపు మీటరు చూస్తే గాలి చిక్కగానే ఉంది. ఊదే ఫ్యాను దగ్గర మీటరు చూస్తే గాలి నిండుగానే వెళుతోంది. ఇక తప్పు ఎవరిది? మందుది. మందు ఎవరి చేతిలో ఉంది? ల్యాబ్‌లో సీసాల సారు చేతిలో. ఆ మాట నిండు మీటింగులో అన్నది గాలమ్మే. సీసాల సారు గాలమ్మకు స్వయానా మొగుడు. పొమ్మనలేక పొగబెట్టినట్టు ఆయన్ని గొట్టం ఆ చివరకు, వాయువును భూమిలోకి దించే బావి దగ్గరికి బదిలీ చేశారు. అప్పట్నుంచి ఆలుమగల సంసారం ఫోన్లో నడుస్తోంది. అందులోనూ మాట్లాడుకునేది గొట్టంలో ఒత్తిడి గురించే.

ఇవాళ మధ్యాహ్నం పరిశీలక బృందం వస్తోంది. కార్బన్ పట్టలేని బట్టీ ఇక మండటానికి వీల్లేదని పైనుంచి మాట. యూనిట్ పనిచేస్తోందని వాళ్ళు నమ్మకపోతే బట్టీ ఆరిపోతుంది, బట్టీ ఆరితే గోడ అవతల కాలనీలో పొయ్యిలన్నీ ఆరినట్టే. ఆ గాభరాలో కాలు కాలిన పిల్లిలా ఫ్యాక్టరీ అంతా తిరుగుతూ గాలమ్మ ఈ వంతెన ఎక్కింది. ఎక్కి చూస్తే, తువ్వాలును మింగిన ఆ గొట్టానికి ఎప్పుడూ మూసి ఉండాల్సిన చల్లగాలి తలుపు బార్లా తెరిచి ఉంది.

యూనిట్‌ను కొత్తగా మొదలుపెట్టేటప్పుడు గొట్టాలు చల్లబడటానికి బయటి గాలి కాసేపు లోపలికి పోవాలని పెట్టిన ఇనప తలుపు అది. మొదలయ్యాక దానితో పనిలేదు. ఇప్పుడది మూసుకుపోకుండా సందులో ఎవరో చెక్క చీల ఒకటి దిగ్గొట్టారు. ఒకవైపు పల్చగా, ఒకవైపు మందంగా, అంచులు నున్నగా చెక్కిన చీల. అలాంటివి గాలమ్మ చిన్నప్పట్నుంచి చూస్తోంది. ఇంట్లో ఊగే బల్ల కింద అదే, మూసుకోని కిటికీలో అదే. కాలనీలో ఏ ఇంటికెళ్ళినా కుంటి మంచాలన్నీ ఆ చీలల మీదే నిలబడి ఉంటాయి.

"అది నాదే," అన్నారు వెనకనుంచి.

బట్టీ మామ. కాలనీ మొత్తానికి వరసకు మామ, గాలమ్మకు నిజంగానే మేనమామ. తల్లి పోయాక పెంచి, చదివించి, ఇంజనీరును చేసింది ఈయనే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే కనుబొమలు బట్టీ సెగకు అర్పించుకున్నాడు. అందుకే ఆయన ముఖం ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు మాత్రం ఆశ్చర్యమంతా గాలమ్మ ముఖంలో ఉంది.

"చీల ఒక్కటే నీదా? లేక తలుపు తీసిందీ నువ్వేనా?"

"రెండూ నేనే. ఎందుకే అలా చూస్తావు? కొత్తగా చేసిందేం కాదుగా!"

"కొత్తగా కాదంటే?"

"నీ యూనిట్ మొదలైన కొత్తల్లోంచీ నడుస్తున్నదే. ఇవాళ పెద్దవాళ్ళొస్తున్నారు కదా అని పొద్దున్నే వచ్చి తీసిపెట్టా," అంటూ ఆయన మెట్టు మీద చతికిలబడ్డాడు. మంచి పని చేసిన మనిషి కూర్చున్నట్టే కూర్చున్నాడు.

గాలమ్మకు కోపం రావడానికి కూడా కాసేపు పట్టింది. "మామయ్యా, ఎందుకు తీశావు? నాకు మొదట్నుంచీ చెప్పు."

"చెప్పడానికేముంది? నువ్వు యూనిట్ మొదలెట్టావు. మర్నాడు కాలనీ అంతా గేటు దగ్గరికొచ్చింది. 'ఏం మామా, మీ అమ్మడు పొగ పట్టేస్తుందన్నావు. ఇన్నాళ్ళూ ఒక గొట్టంలోంచి సన్నగా వచ్చేది. ఇప్పుడు పక్కన ఇంకో గొట్టం పెట్టి తెల్లగా, లావుగా వదుల్తున్నారేంటి?' అని. నేనేం చెప్పనే? ఇంటింటికీ తిరిగి నీ పేరు చెప్పి మాటిచ్చిందే నేను."

"అది పొగ కాదు మామయ్యా! ఆవిరి! స్నానానికి నీళ్ళు కాగితే వస్తుందే, అది. తడి గోపురంలోంచి వచ్చే గాలి తెల్లగా కాక ఇంకెలా ఉంటుంది?"

"ఏమో, నాకు తెలిసిన విద్య ఒక్కటే. పొగొస్తోందంటే గాలి చాలట్లేదని. ఏ పొయ్యికైనా, ఏ బట్టీకైనా అంతే కదా? పాపం నీ యూనిట్‌కి ఊపిరాడట్లేదనుకున్నా. పైకొచ్చి చూస్తే గాలికని తలుపు కూడా ఉంది, మూసేసి పెట్టారు. తీశాను." ఆయన అరచెయ్యి ఆకాశం వైపు తిప్పాడు. "తెలుపు మాయం! గేటు దగ్గర జనం చప్పట్లు కొట్టారే అమ్మడూ. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అప్పట్నుంచి నీకు తెలీకుండా నీ పని కాస్త తేలిక చేస్తున్నానని సంబరపడుతున్నా."

గాలమ్మ రెయిలింగు పట్టుకుంది. కింద ఫ్యాను రొదకు ఇనుమంతా వణుకుతోంది.

"ఎప్పుడూ తెరిచే ఉంచుతావా?"

"అబ్బే, ఎప్పుడూ ఎందుకు? ఎవరైనా అడిగితేనే. సెలవురోజుల్లో అందరూ దుప్పట్లు ఉతుక్కుని మేడమీద ఆరేస్తారు. 'మామా, ఇవాళ ఆ తెల్లపొగ ఆపించవా' అంటారు. మైదానంలో బంతాట పోటీ ఉంటే అడుగుతారు. ఫొటోలు తీసుకోవాలంటే అడుగుతారు. కాదంటానా? వారం మధ్యలో మాత్రం మూసేసేవాణ్ణి. నీ మిషనుకి జలుబు చెయ్యకూడదుగా," అని నవ్వాడు.

నవ్వు ఆయన ఒక్కడికే మిగిలింది. గాలమ్మకు చెవిలో మొగుడి గొంతు వినపడుతోంది. బదిలీ అయిన కొత్తలో ఫోన్లో అన్నాడు: 'ఆదివారం పాడైపోయి సోమవారానికి బాగుపడే మందును నేనింతవరకూ చూళ్ళేదు. నీ వైపు ఏదో ఉంది, ఒక్కసారి చూడు.' దానికి తను ఏమంది? 'నీ చేతకానితనం కప్పుకోవడానికి నా యూనిట్ మీద పడకు' అంది. అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఆయన మందు ఊసెత్తలేదు.

"మామయ్యా, సరిగ్గా విను. ఈ తలుపు తీస్తే ఫ్యాను బయటి గాలిని లాగుతుంది. బట్టీ గాలి లోపలికి రాకుండా పాత పొగగొట్టంలోంచి దర్జాగా ఆకాశంలోకి పోతుంది. ఊరికే పోయే గాలి మీద మందు జల్లుతూ కూర్చున్నాం మేము. తెలుపు ఎందుకు మాయమైందనుకున్నావు? వేడి గాలి రాకపోతే గోపురంలో ఆవిరెక్కడిది? పట్టాల్సింది పట్టడం మానేశాం కాబట్టే!"

"మరి మీ మీటర్లు?"

"బట్టీ మీటరు ఈ తలుపుకి అటువైపు ఉంది. దానికి తలుపు సంగతి తెలీదు. ఫ్యాను మీటరు ఎంత గాలి అని చెబుతుంది కానీ ఏ గాలి అని చెప్పదు. నీళ్ళు కలిపిన పాలు కొలిచి, వెన్న రాలేదని కవ్వాన్ని తిట్టాను నేను."

బట్టీ మామ కళ్ళార్పకుండా విన్నాడు. కవ్వం ఎవరో అర్థం కావడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

"అంటే... అల్లుణ్ణి అంత దూరం తగలేసింది నేనా?"

"నువ్వు కాదు, నేను."

ఆ మాట గాలమ్మ మామయ్య మీద జాలితో అనలేదు, నిజమే అంది. ఎందుకంటే మందు పాడైందన్న మాట ఆవిడకూ సుఖంగానే ఉంది. పదింట తొమ్మిది పాళ్ళు పడతామని ఫ్యాక్టరీ తరఫున ఊరంతా చాటించారు. ఆ తలుపు గట్టిగా మూసి ఉన్న మంచిరోజున కూడా ఏడు పాళ్ళు దాటలేదని గాలమ్మకు తెలుసు. మందును కాచడానికి బోలెడు ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలరు మండాలి. ఆ బాయిలరు వదిలే కార్బన్‌ను పట్టేవాడు లేడు. ఈ నిజం చెప్పడానికి మనసొప్పలేదు. మొగుడి సీసాల వెనక దాక్కోవడం తేలికనిపించింది. తప్పు తెలిసి చెయ్యలేదు, తెలియకుండానూ చెయ్యలేదు.

పోనీ యూనిట్ దండగమారిదా అంటే, ఆ మాటంటే గాలమ్మ మీద పడి కొడుతుంది. సిమెంటు బట్టీలో బొగ్గు మానేసి ఇంకేం మండించినా, సున్నపురాయి కాలినప్పుడు ఆ రాయిలోంచే కార్బన్ వస్తుంది. ఎండనో గాలినో కరెంటుగా మార్చి తెచ్చినా అది ఆగదు. దాన్ని పట్టడం తప్ప వేరే దారి ఇంతవరకూ సరిగ్గా దొరకలేదు. ఏడు పాళ్ళంటే ఏడు పాళ్ళే, కానీ ఆ ఏడూ ఇంకెలాగా ఆగేవి కావు. ఇంత చిన్న సంగతి కాలనీకి వెళ్ళి చెప్పాలని ఏడాదిలో ఒక్కసారి కూడా తోచలేదు.

"నేను హాల్లో అందరికీ బొమ్మలేసి చెప్పాను కదా మామయ్యా, మొదట్లో. నువ్వు ముందు వరసలోనే కూర్చున్నావు."

"కూర్చున్నా. నువ్వు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది చివర్న 'ధన్యవాదాలు' ఒక్కటే. అయినా కంటికి కనపడనిది పట్టాను అంటే ఎవడు నమ్ముతాడే? కనపడేది పోతేనే కదా నమ్మేది!"

అంతలో మెట్ల మీద ఆయాసం వినపడింది. ఫ్యాక్టరీ పెద్దసారు, అతిథుల కోసం తెప్పించిన కొత్త హెల్మెట్ పెట్టుకుని, చెమటలు కక్కుతూ ఎక్కి వస్తున్నాడు.

"మీరిక్కడున్నారా మేడమ్! కింద ప్రాణాలు పోతున్నాయి నాకు. ఏమిటీ గాలి?"

గాలమ్మ దాచకుండా చెప్పింది. పెద్దసారు తెలివైన మనిషి. మొదట తెల్లబోయాడు, తర్వాత ఆకాశం వైపు చూశాడు, తర్వాత ముఖం నెమ్మదిగా విచ్చుకుంది.

"సరే. అయిందేదో అయింది. వాళ్ళు వెళ్ళేవరకూ అలాగే ఉంచండి."

"సార్?"

"ఆకాశం చూడండి, ఎంత శుభ్రంగా ఉందో! వచ్చేవాళ్ళు ముందు చూసేది ఆకాశమే. నిప్పు లేనిదే పొగ రాదంటారు జనం. నీళ్ళలోంచి వచ్చిందని ఎవరికి చెప్పి ఒప్పిస్తాం? లెక్క తగ్గిందేమని అడిగితే కారణం మనం ఎప్పుడో చెప్పాం. మందు పాడైంది, మనిషిని మార్చాం, కొత్త మందు వస్తోంది. ఇంకో ఏడాది గడువిస్తారు. బట్టీ బతుకుతుంది." ఆయన బట్టీ మామ వైపు తిరిగాడు. "ఏం మామా, ఇంత చిన్న విషయం అర్థం చేసుకోలేమా మనం?"

"మనిషి అంటే మా అల్లుడు సార్," అన్నాడు బట్టీ మామ.

"అబ్బ, ఎప్పుడో పంపించేశాం కదయ్యా. కొత్తగా ఆయనకి పోయేదేముంది?" పెద్దసారు గొంతు తగ్గించాడు. "మేడమ్, ఇంకోటి ఆలోచించండి. నిజం చెప్పారే అనుకోండి. తలుపు ఎవరు తీశారని అడుగుతారు. అప్పుడు ముందు ఇంటికి పోయేది ఎవరో నేను చెప్పక్కర్లేదు. మీకు అన్నం పెట్టి పెంచిన చెయ్యి అది."

గాలమ్మ మామయ్య వైపు చూడలేకపోయింది. చూస్తే ఆగిపోతానని భయం. అటు మొగుడు, ఇటు మామ, మధ్యలో కాలనీ. ఎవరి మీద తోసెయ్యాలో ఎంచుకోమని పెద్దసారు ఎంత మర్యాదగా అడుగుతున్నాడో! వంతెన చివరిదాకా నడిచింది, తిరిగి వచ్చింది, మళ్ళీ నడిచింది. మూడోసారి తిరిగి వస్తూ వంగి, చీల మొదలు మీద బూటు మడమతో ఒక్క తన్ను తన్నింది. చీల ఎగిరి కింద ఎక్కడో పడింది. తలుపు ధనామని మూసుకుంది. మూడంతస్తుల ఇనుమూ అదిరింది.

"మేడమ్! బట్టీ ఆరిపోతే ఆ ఉసురు మీకే తగుల్తుంది!"

"తగలనివ్వండి సార్. అందరి తప్పు ఒక్కడి నెత్తిన రుద్దటం కంటే అదే నయం."

పెద్దసారు దిగిపోయాక బట్టీ మామ చాలాసేపు మూసిన తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "నన్ను కాపాడదామని తిప్పలుపడకు అమ్మడూ. అల్లుడి పరువు ముందు. ఆయన వెళ్ళేరోజు స్టేషన్లో నాతో ఏమన్నాడో తెలుసా? 'దాన్ని కాస్త వేళకి తినమనండి' అన్నాడు. నీ గురించి. నేను తలుపు తీసుకుంటూ కూర్చున్నాను," అని కళ్ళు తుడుచుకున్నాడు. గాలమ్మ ఇక ఆపుకోలేకపోయింది. ఏడాదిగా కుక్కి పెట్టుకున్నదంతా ఆ వంతెన మీద, మామయ్య భుజం మీద, భోరున బయటపడింది.

మధ్యాహ్నానికి గోపురం కొసన తెలుపు లేచింది. మొదట సన్నగా, తర్వాత ఫ్యాక్టరీని కమ్మేసేంత లావుగా. కంట్రోల్ రూములో గాలమ్మ కుర్రతనంలో పరీక్షాఫలితాలు చూసుకున్నట్టు తెరను చూసుకుంది. పట్టిన వాయువు పెరుగుతోంది. వాయువును గొట్టంలోకి కుక్కే కంప్రెసరు గొంతు మారింది. పరిశీలకుల కోసం ఇవాళ బట్టీని పూర్తి జోరు మీద పెట్టారు, పైగా తలుపూ మూసి ఉంది. ఇంత నిండుగా ఆ గొట్టంలోకి వాయువు వెళ్ళడం ఈ ఏడాదిలో ఇదే మొదటిసారి కావచ్చు. ఆ సంతోషం గడప దాటకముందే గేటు వైపునుంచి కేకలు మొదలయ్యాయి. పరిశీలకులు వచ్చే రోజే ఇంత పొగ వదుల్తారా, మా బతుకులు ఆర్పేస్తారా అని కాలనీ కాలనీ కదిలి వస్తోంది.

"నేను వెళ్ళి చెబుతా," అన్నాడు బట్టీ మామ. "మాటిచ్చిన నోటితోనే చెప్పాలి. అది ఆవిరి, అది కనపడితేనే పని జరుగుతున్నట్టు, అని. ఇప్పుడు నాకు అర్థమైంది కదా, నేను చెబితే వాళ్ళకీ అవుతుంది."

"గేటు దగ్గర తోపులాటగా ఉంది మామయ్యా."

"గేటులోంచి ఎవడు పోతాడు? గోడ వెనక పల్లంలోంచి అడ్డదారిన పోతా. వాళ్ళ వెనకనుంచి తేలతా," అని వడివడిగా వెళ్ళిపోయాడు.

పరిశీలక బృందానికి పెద్ద ఒక నెరసిన జుట్టు ఆవిడ. కారు దిగగానే తలెత్తి ఆ తెలుపును చూసింది. మీటింగు గదిలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, పెద్దసారు ఇచ్చిన నీళ్ళు పక్కన పెట్టి మొదటి ప్రశ్నే అదడిగింది. "పొగ పట్టే యూనిట్ అన్నారు. ఆ పొగేమిటి?"

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మా ద్రావకం విషయంలో గతంలో ఒక ఉద్యోగి అశ్రద్ధ వల్ల..."

"ఉద్యోగి అశ్రద్ధ కాదండీ." గాలమ్మ లేచి నిలబడింది. లేచాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అది పొగ కాదు, ఆవిరి. అది కనపడకుండా ఉండాలని ఏడాదిగా మా యూనిట్ నోట్లోకి బయటి గాలి ఎక్కించాం. ఒక తలుపు తెరిచి ఉంది. మంచి జరుగుతుందనుకునే తెరిచారు. ఇన్‌చార్జిని నేను, చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు. చూసుకోకుండా మా ల్యాబ్ పెద్ద మీద నింద వేశాను. ఇవాళ పొద్దున ఆ తలుపు మూశాం. మూసినా తొమ్మిది పాళ్ళు రావు. ఏడు వస్తాయి. తొమ్మిదని చెప్పింది మా ఆశ, ఏడన్నది మా పని."

పెద్దసారు కళ్ళు మూసుకున్నాడు. నెరసిన జుట్టు ఆవిడ మాత్రం మొదటిసారి ముందుకు వంగింది. "మంచిది. మూశాక పెరిగిందని నేనెలా నమ్మను? మీ తెరలు మీరు చూపిస్తారు, సరే. ఏడాదిగా అవే తెరలు చూసి మీరే మోసపోయామంటున్నారు."

"గొట్టం ఆ చివర ఒక మనిషి ఉన్నారు. ఆయన్నడగండి. నా మీద ప్రేమకొద్దీ అబద్ధం చెప్పే స్థితిలో ఇప్పుడైతే లేరు."

ఎవరో నవ్వబోయి ఆగారు. గాలమ్మ ఫోన్ బల్ల మధ్యలో పెట్టి, అందరికీ వినపడేలా చేసి, నంబరు నొక్కింది. మొదటి రింగుకే అటునుంచి ఎత్తారు.

"నేనే," అంది గాలమ్మ. అందరి ముందూ 'మీరు' అనాలని ఎంత అనుకున్నా 'నువ్వు' అనే ఇంటి మాటే వచ్చేసింది. "ఇక్కడ అందరూ ఉన్నారు. మందు పాడవలేదు. నీ తప్పు ఎప్పుడూ ఏమీ లేదు. చల్లగాలి తలుపు తెరిచి ఉంది, నేను చూడలేదు. అందరి ముందూ నిన్నన్నాను, అందరి ముందే వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను..."

"అవన్నీ తర్వాత," సీసాల సారు గొంతులో కోపం లేదు. తొందర ఉంది. "ముందిది చెప్పు. నువ్విప్పుడు ఎంత పంపుతున్నావు?"

గాలమ్మ చెప్పింది.

"పొద్దున్నుంచి నా దగ్గర పెరుగుతూ వచ్చింది, నిజమే. నీకే ఫోన్ చేద్దామని సంబరంగా ఫోన్ కూడా తీశాను. ఇందాకట్నుంచి పడిపోతోంది. నువ్వు చెప్పినదాంట్లో సగమే నాకు అందుతోంది. మిగతాది మధ్యలో ఎక్కడో దిగిపోతోంది. ఇన్నాళ్ళూ గొట్టం ఇంత నిండుగా ఎప్పుడూ నడవలేదు, ఏ అతుకు బలహీనంగా ఉందో ఎవరికీ తెలీదు. కంప్రెసరు ఆపించు. ముందు అది చెయ్యి."

పెద్దసారు అప్పటికే తలుపు దగ్గర నిలబడి కంట్రోల్ రూముకు కేకేస్తున్నాడు.

"ఇంకోమాట. మీ వైపు పల్లంగా ఉన్నచోట మనుషుల్ని తిరగనివ్వకండి. అది బయటపడితే పైకి పోదు. గాలికంటే బరువు, గుంటలో నీళ్ళు నిలిచినట్టు నిలుస్తుంది. వాసనుండదు, రంగుండదు. లోపలికెళ్ళిన మనిషికి తెలిసేలోపు కాళ్ళు పనిచెయ్యవు. గొట్టం ఆ ఫ్యాక్టరీ గోడ వెనకనుంచే కదా పోయేది? వింటున్నావా?"

గాలమ్మ వినడం లేదు. కిటికీ దగ్గర ఉంది. ఆకాశంలో తెలుపు పలచబడుతోంది. గోడ వెనక పల్లంలో ఎండ కాస్తోంది, గడ్డి కదలడం లేదు, చూడటానికి అంతకంటే ప్రశాంతమైన చోటు ఫ్యాక్టరీలో ఇంకోటి లేదు. దారి సగంలో బట్టీ మామ ఒక రాయికి ఆనుకుని ఉన్నాడు. అలిసి కూర్చున్నాడో, కూలబడ్డాడో ఇంత దూరంనుంచి తెలియడం లేదు.

"మామయ్యా!" అని కిటికీ అద్దం మీద రెండు చేతులతో బాదింది. ఆయన తలెత్తలేదు. అవతలి గట్టు మీద కాలనీ జనం ఆయన్ని చూశారు. వాళ్ళలోంచి ఒకావిడ చేతిలోని నీళ్ళ సీసా ఊపుతూ, "మామకి కళ్ళు తిరిగినట్టున్నాయి, రండర్రా!" అని కేకేసి పల్లంలోకి దిగడం మొదలుపెట్టింది. ఆవిడ వెనక ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు దిగుతున్నారు.